వందతో హెచ్చవేస్తే...

క్యాలీఫ్లవర్ రెండున్నర యూరోలు. యూరో అంటే వంద రూపాయల పైమాటే. వందతో హెచ్చవేస్తే... 250 రూపాయలు! చేతిలోకి తీసుకున్న పువ్వును మళ్లీ అక్కడే పెట్టేసింది ఆ అమ్మాయి. తెనాలి మార్కెట్లో 40 రూపాయలన్నా అమ్మ బేరమాడకుండా కొనదు మరి!

ఎమ్మెస్ కోసం 2025 అక్టోబరులో జర్మనీలోని మాగ్డెబర్గ్ చేరింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం, ట్యూషన్ ఫీజు లేదు. అందుకే లేత్ మిషన్ మీద పనిచేసే నాన్న ధైర్యం చేశాడు. ఇల్లు తాకట్టు పెట్టి, వీసాకు ముందే 11,904 యూరోలు 'బ్లాక్డ్ అకౌంట్'లో వేశాడు. డబ్బు తనదే. కానీ నెలకు 992 యూరోలకు మించి తీసుకోవడం కుదరదు.

అద్దె, ఆరోగ్య బీమా, ఫోను బిల్లు పోను దాదాపు 500 మిగులుతాయి. ఒక మనిషి తిండికీ, పై ఖర్చులకూ చాలినంతే. కానీ ఆమెకు అది 500లా కనిపించేది కాదు. యాభై వేలు! నాన్న నెలంతా కష్టపడినా రాని సొమ్ము. ఇంకేం తింటుంది? రెండు పూటలా అన్నం, అమ్మ పెట్టిచ్చిన గోంగూర పచ్చడి. 'తిన్నావా తల్లీ?' అని నాన్న అడిగితే, 'కడుపునిండా' అనే జవాబు.

నవంబరు చలిలో ఓరోజు ట్రామ్ స్టాపులో కళ్లు తిరిగి పడిపోయింది. ఆ రాత్రి ఇక దాచలేక అంతా చెప్పేసింది. అటువైపు కాసేపు మాటల్లేవు. తర్వాత నాన్న ఒకటే అన్నాడు... 'నువ్వు పస్తులుండడానికా ఇల్లు తాకట్టు పెట్టింది?'

మర్నాడే ఓ నోటు పుస్తకం కొంది. అందులో లెక్కలన్నీ యూరోల్లోనే. ఆదివారం దుకాణాలు మూసేస్తారని తెలియక ఓసారి బియ్యం నిండుకుని అవస్థ పడింది కదా, ఇప్పుడు వారం సరుకులన్నీ శనివారమే తెస్తోంది. ఖాళీ ప్లాస్టిక్ సీసా తిరిగిస్తే 25 సెంట్లు వెనక్కి వస్తాయని తెలిశాక ఒక్కటీ పారేయడం లేదు. పక్క గదుల్లోని ఇద్దరు తెలుగమ్మాయిలతో వంట వంతులేసుకుంది. విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 రోజుల దాకా పనిచేసుకోవచ్చు. ఓ బేకరీలో వారానికి రెండు రోజుల పని దొరికింది. 2026 జనవరి నుంచి అక్కడ గంటకు కనీస వేతనం 13.90 యూరోలు.

మొదటి జీతం వచ్చిన శనివారం అదే దుకాణానికి వెళ్లింది. అదే క్యాలీఫ్లవర్, అదే ధర. ఈసారి బుట్టలో వేసుకుంది. రాత్రి వీడియో కాల్‌లో వేడివేడి కూర చూపిస్తే అమ్మకు ఆగలేదు.

'ఎంతే ఆ పువ్వు?'

'పావుగంట పని కూడా పట్టలేదమ్మా!'