తోక మీద పుల్ల విరిగితే...

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఈశాన్యంగా వెళ్తే ఫుల్డా పట్టణం వస్తుంది. అది దాటితే రోన్ కొండలు. వాటన్నిటిలోకీ ఎత్తయినది వాసర్‌కుప్పె. 950 మీటర్లు. ఫుల్డా నది పుట్టేదీ ఈ కొండ మీదే. పైన చెట్లు పెద్దగా ఉండవు. ఎటు చూసినా గడ్డి, ఎప్పుడూ వీచే గాలి, తలెత్తితే రెక్క ఆడించని గద్దల్లా తిరిగే తెల్లటి గ్లైడర్లు!

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీకి ఇంజిన్ విమానాల మీద ఆంక్షలు పెట్టారు. ఇంజిన్ లేకుండా ఎగిరితే ఎవరు కాదంటారు? 1920లో ఈ కొండ మీద మొదటి గ్లైడర్ పోటీ పెట్టారు. అందులో అందరికన్నా బాగా ఎగిరినవాడు గాల్లో ఉన్నది 2 నిమిషాల 22 సెకన్లు. రెండేళ్లు తిరిగేసరికి, 1922 ఆగస్టులో, ఆర్థర్ మార్టెన్స్ ఇక్కడే గంటకు పైగా ఎగిరి చూపించాడు. ఆ కాలం నాటి గ్లైడర్లను కొండ మీది మ్యూజియంలో చూడొచ్చు. పిల్లలతో వెళ్లేవాళ్లు అక్కడే సగం రోజు గడిపేస్తారు.

కొండవాలుకు తగిలి లేచే గాలి సరే. వేడెక్కిన నేల మీంచి లేచే గాలి కంటికి కనబడదు కదా, దాన్ని పట్టుకోవడం ఎలా? పైకి పోతున్నామో కిందికి జారుతున్నామో ఒళ్లు సరిగా చెప్పలేదు. ఆ సంగతి చెప్పేది వేరియోమీటర్. బెలూన్లలో వాడే ఈ పరికరాన్ని రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్ గ్లైడర్‌లోకి తెచ్చుకున్నాడు. 1929లో వాసర్‌కుప్పె నుంచి బయల్దేరి 140 కిలోమీటర్లకు పైగా వెళ్లిపోయాడు.

అయితే వేరియోమీటర్‌కు ఒక జబ్బుంది. పైలట్ స్టిక్ లాగగానే గ్లైడర్ ముక్కెత్తి లేస్తుంది. ముల్లూ పైకి దూకుతుంది. గాలి లేపిందనుకుని అక్కడే చుట్లు కొడితే ఉన్న ఎత్తు కాస్తా ఖర్చయిపోతుంది. ఆపైన దొరికిన పొలంలో దిగాల్సిందే.

ఈ జబ్బుకు మందు, తోక మీద ముందుకు పొడుచుకొచ్చిన సన్నటి గొట్టం. పైలట్లు ప్రోబ్ అంటారు. చూస్తే ఏదో పుల్ల అనిపిస్తుంది. చివర మూసి ఉంటుంది, దానికి కాస్త ఇవతల వెనకవైపు చిన్న రంధ్రం. ఎదురుగాలి వేగానికి ఆ రంధ్రం దగ్గర పీల్పు పుడుతుంది. ముక్కెత్తినప్పుడు ఎత్తు పెరిగి గాలి ఒత్తిడి తగ్గుతుంది. వేగం పడిపోయి పీల్పు తగ్గడంతో గొట్టంలో ఒత్తిడి అంతే పెరుగుతుంది. చెల్లుకు చెల్లు! నిజంగా గాలి లేపితే తప్ప ముల్లు లేవదు. 1960ల్లో నాసా చంద్ర, గ్రహ యాత్రల విభాగాన్ని నడిపిన ఆరన్ నిక్స్ కూడా ఈ పుల్ల మీద బుర్ర పెట్టాడు. ముందుకు 20 డిగ్రీలు వంచిన గొట్టం, ఒక రంధ్రం... ఇంతే ఆయన 1976లో చూపిన నమూనా.

ఇంతకీ ఇది విరిగేది గాల్లో కన్నా నేల మీదే ఎక్కువ. హ్యాంగర్‌లోంచి తోసేటప్పుడు ఎవరి భుజమో తగులుతుంది, పక్క గ్లైడర్ రెక్క రాసుకుంటుంది. వంగిన గొట్టాన్ని చేత్తో సరిచేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కోణం మారితే పీల్పు లెక్క తప్పుతుంది. విరిగిన చోట జిగురు పెట్టి అతికించడమూ అంతే, పైకి బాగానే ఉంటుంది, ముల్లు మాత్రం అబద్ధాలాడుతుంది. కొత్తది వేయడమే మేలు. ముందు సాకెట్‌లో ఇరుక్కున్న ముక్కను జాగ్రత్తగా లాగాలి, పొడి లోపలికి పోకూడదు. రబ్బరు రింగులు చిట్లాయేమో చూడాలి. గొట్టాన్ని చివరికంటా దింపి, అతుకు చుట్టూ టేపు వేయాలి. వేరియోమీటర్ తగిలించి ఉండగా గొట్టంలోకి నోటితో ఊదారో, పుల్ల ఖర్చుకు పరికరం ఖర్చు తోడవుతుంది.

పరీక్ష గాల్లోనే. గాలి కదలని వేళ చూసుకుని వేగం 160 కిలోమీటర్లకు పెంచి, మెల్లగా ముక్కెత్తాలి. ముల్లు పైకి ఎగరకపోతే పని కుదిరినట్టే. ఎగిరిందంటే ఎక్కడో గాలి లీకవుతోంది, మళ్లీ మొదటికి రావాలి.

కొండ దిగువన పోపెన్‌హౌజెన్ ఊళ్లో ష్లైకర్ కంపెనీ 1927 నుంచి గ్లైడర్లు తయారుచేస్తోంది. పైన స్కూలు వాళ్లు కొత్తవాళ్లను ఇద్దరు కూర్చునే గ్లైడర్‌లో తిప్పుతారు. ఎక్కే ముందు తోకవైపు ఓసారి చూడండి. ఎగరడం అయ్యాక చాలామంది ఆ పుల్లను ఊడదీసి భద్రంగా దాస్తారు. మర్నాడు పొద్దున దాన్ని పెట్టడం మరిచిపోయి ఎగిరిపోయేవాళ్లూ ఉంటారు మరి!