రూపాయికి మూడు ప్రాణాలు

1990లో నాకు పదకొండేళ్ళు. విజయవాడలో మేమున్న వీధి చివర, సైకిలు షాపు పక్కన, పరదా వేలాడే చిన్న గది ఒకటి వుండేది. లోపల బీరువాలంత ఎత్తున నాలుగు వీడియో ఆటల పెట్టెలు. రూపాయి బిళ్ళ వేస్తే ఒక ఆట. మా వీధి పెద్దల దృష్టిలో ఆ గదికీ, పేకాట పాకకూ తేడా లేదు.

ఒకనాడు అమ్మ కిరసనాయిలు తెమ్మని అయిదు రూపాయలిచ్చింది. ఆ అయిదూ పెట్టెకు సమర్పించుకుని, ఖాళీ డబ్బాతో ఇంటికి వెళ్ళి, "దారిలో జారిపోయాయమ్మా!" అన్నాను. అమ్మ నమ్మింది. నాన్నగారు పేపర్లోంచి తలెత్తి నాకేసి ఒక్కసారి చూసి, మళ్ళీ పేపరు చదువుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా చేత అంత పని చేయించిన ఆట పేరు స్పేస్ ఇన్వేడర్స్. అప్పటికే అది పన్నెండేళ్ళ పాతది. జపానులో టైటో కంపెనీ 1978లో విడుదల చేసింది. నిషికాడో తొమొహిరో అనే ఆయన, యంత్రం దగ్గరనుంచి బొమ్మలదాకా దాదాపు ఒంటిచేత్తో తయారుచేశాడు. వరసకు పదకొండు చొప్పున అయిదు వరసలు—మొత్తం 55 వింతజీవులు పైనుంచి అటూ ఇటూ కవాతు చేస్తూ దిగివస్తాయి. కింద మనకొక ఫిరంగి, మూడు ప్రాణాలు. మనుషులను కాల్చే ఆట బాగుండదని, ఇతర గ్రహాలవాళ్ళను పెట్టారు.

ఇందులో ఒక తిరకాసు వుంది. మనం చంపినకొద్దీ మిగిలినవాటి నడక జోరందుకుంటుంది. ఆఖరిది పిచ్చిపట్టినట్టు పరుగెడుతుంది. దానితోపాటు నాలుగే స్వరాల చప్పుడు, గుండెదడలాగా, అంతకంతకూ వేగం పుంజుకుంటుంది. దీని మర్మం పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. ఆనాటి యంత్రానికి 55 బొమ్మలను కదపడమంటే పెనుభారం. బొమ్మలు తగ్గినకొద్దీ భారం తగ్గి, వేగం దానంతటదే పెరిగేది. మరొకరైతే అదొక లోపమని సరిదిద్దేవారే! ఆటకు రుచి అందులోనే వున్నదని గ్రహించి, ఆయన అట్లాగే వుంచేశాడు.

పోనీ, అన్నిటినీ చంపితే నెగ్గినట్టేనా? కాదు. మరో దండు వస్తుంది, ఇంకాస్త కిందినుంచి. ఆ కాలపు ఆటలు చాలావాటికి ముగింపు లేదు. నామ్కో కంపెనీలో ఇవతానీ తోరు సృష్టించిన పాక్-మాన్ (1980) మాత్రం 256వ అంతస్తులో ఆగిపోతుంది. అదీ విజయం కాదు. అంతస్తుల లెక్క రాసుకునే చోట 255 కంటే పెద్ద అంకె పట్టక, తెర కుడిసగమంతా కలగాపులగమైపోతుంది. అంతదూరం వెళ్ళిన మొనగాడికి దక్కే బహుమానం అదన్నమాట!

కిరసనాయిలు సంగతి జరిగిన మరునాడు, తాతయ్య ఇచ్చిన రూపాయితో మళ్ళీ ఆ పెట్టె ముందు చేరాను. ఆట మధ్యలో, తెర అద్దంలో నాన్నగారి ముఖం కనిపించింది. నా చేతులు చల్లబడ్డాయి. వీపుమీద దెబ్బ పడుతుందనుకున్నాను. పడలేదు. నా మూడో ప్రాణమూ పోయేదాకా వెనకే నిలబడి, "ఇందులో నెగ్గేదెప్పుడురా?" అని అడిగారు.

"నెగ్గడం వుండదు, నాన్నా. ఎంతసేపు నిలబడితే అంత."

ఆయన ఏమీ అనకుండా జేబులోంచి ఒక రూపాయి తీసి పెట్టెలో వేశారు. పట్టుమని నిమిషం నిలవలేదు. "ఊపిరి తీసుకోనివ్వదేమిటిరా ఇది!" అని నవ్వారు. ఇంటిదారిలో నా చేతిలో అయిదు రూపాయలు పెట్టి, "అమ్మకేం చెప్పి ఇస్తావో నీ ఇష్టం," అన్నారు.

నిజమే చెప్పాను. దెబ్బలు అప్పుడు పడ్డాయి, అమ్మ చేతిమీదుగా. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మొన్న ఆదివారం మా అబ్బాయి ఆ ఆటనే తన సెల్‌ఫోనులో చూపించాడు. డబ్బు అక్కర్లేదు. చచ్చినా వెంటనే మళ్ళీ బతకవచ్చు. అరగంట ఆడినా నాకు ఆనాటి గుండెదడ రాలేదు. పోయేదేమీ లేనప్పుడు దడ ఎందుకు వస్తుంది? ఫోను తీసుకువెళ్ళి, వాలుకుర్చీలో వున్న నాన్నగారి చేతిలో పెట్టాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగారు:

"రూపాయి ఎక్కడ వెయ్యాలిరా?"