అద్దె వేరు, గిట్టుబాటు వేరు

మదురైలో తాతలనాటి యిల్లు అమ్మి చెన్నైలో ఫ్లాటు కొందామా అని మా అన్నదమ్ములం చాలాకాలం తర్కించుకున్నాము. ఫ్లాటుకు నెలకు 25 వేలు అద్దె వస్తుంది. మా యింటికి 10 వేలే. అద్దెను బట్టి చూస్తే చెన్నైదే పైచెయ్యి. కాని ఫ్లాటు ధర కోటి రూపాయలు. మా యిల్లు 30 లక్షలు. ఏడాది అద్దెను ధరతో పోల్చితే ఫ్లాటు నూటికి 3, మా యిల్లు 4 యిస్తున్నాయి.

ఫ్లాటు నిర్వహణకు నెలకు 2,500 పోతే మిగిలేది 2.7. మా యింటికి పన్ను, మరమ్మతులు ఏడాదికి 10 వేలు, రెండు నెలలు ఖాళీగా వుంటే మరో 20 వేలు తీసివేసినా 3 నిలుస్తుంది. అడ్వాన్సు రాబడి కాదు, తిరిగి యివ్వవలసిన సొమ్ము. 2019 ఫిబ్రవరి 22న అమలులోకి వచ్చిన తమిళనాడు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే, అది మూడు నెలల అద్దెకు మించరాదు.

పైగా ఫ్లాటుకు 70 లక్షలు అప్పు చెయ్యాలి. బ్యాంకు వడ్డీ ఆ రాబడికి రెట్టింపు పైమాటే!

రేపు చెన్నైలో ధర పెరగవచ్చు. అది అమ్మిననాటి మాట. నెలనెలా అమ్మ మందులకు అందే 10 వేలు నేటి మాట. అందుకే యిల్లు అమ్మలేదు.