వార్త మనదాకా వచ్చే దారి

చేబ్రోలు, శుక్రవారం

పెద్దక్కయ్యకి,

పొద్దున్నే గుంటూరులో పొన్నూరు బస్సెక్కి ఇక్కడ దిగాను. ముందు భీమేశ్వరాలయం చూశాను. సాతవాహన రాజు విజయుడి కాలంనాటి సంస్కృత శాసనం బయటపడింది ఇక్కడే. క్రీ.శ. 207 నాటిది. కార్తికుడనే అతను అమ్మవారి గుడి దగ్గర మండపం కట్టించాడని అందులో ఉంది. ఏలుతున్న రాజెవరో, కట్టించిందెవరో, ఊరికి అప్పటి పేరేమిటో అన్నీ రాతిమీదే ఉన్నాయి. ఆ మాట ఎవరిదో తెలుసుకునే మనం చదువుతాం.

తర్వాత బజార్లో టీ కొట్టుకెళ్ళాను. గోడకున్న టీవీలో వార్తలొస్తున్నాయి. ఒకాయన "ఇది తీసెయ్, మన చానల్ పెట్టు" అన్నాడు. పక్క బల్ల మీది పెద్దాయన గ్లాసు పెట్టేసి లేచాడు. కొట్టాయన ఇద్దర్నీ చూసి పాత పాటలు పెట్టాడు. "వార్తలు పెడితే బేరం పోతోందండీ" అన్నాడు నాతో.

ఏ చానల్ ఎవరిదో మనవాళ్ళకి తెలుసు. సాక్షి జగన్ కుటుంబానిది. టీ న్యూస్ బీఆర్‌ఎస్‌ది. వీ6 వివేక్ వెంకటస్వామి కుటుంబానిది, ఆయన 2025లో తెలంగాణలో మంత్రి అయ్యారు. టీవీ5 అధిపతి బి.ఆర్. నాయుడు 2024లో టీటీడీ చైర్మన్ అయ్యారు. తెలిసినంత మాత్రాన నష్టం తప్పుతుందా? ఇక్కడ కలిసిన ఒక విలేఖరి చెప్పాడు: "శివారు పొలాలకు కాలవ నీళ్ళు అందట్లేదని వీడియో తీసి పంపుతానండీ. ఏ ప్రభుత్వం ఉందో చూసుకుని వేస్తారు." ఎండేది మాత్రం రైతు చేనే కదక్కా.

బాపట్ల, ఆదివారం

అక్కయ్యా,

నిన్న ఇక్కడ ఒక కేబుల్ ఆపరేటర్‌తో చాలాసేపు కూర్చున్నాను. చిన్న గది, గోడ నిండా వైర్లు, ఆగకుండా మోగే ఫోను. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే రాష్ట్రంలో చాలాచోట్ల టీవీ9, ఎన్టీవీ, సాక్షి, 10టీవీ కేబుల్లో రావడం మానేశాయి. "పైన మాకు సిగ్నల్ ఇచ్చే ఎంఎస్ఓ దగ్గరే ఆగింది. తిట్లు తిన్నది నేను" అన్నాడు. తమకేం సంబంధం లేదంది కొత్త ప్రభుత్వం. ఆ నెల 25న ఢిల్లీ హైకోర్టు 15 మంది ఎంఎస్ఓలను టీవీ9 మళ్ళీ ఇవ్వమంది. అంతకుముందు జగన్ ప్రభుత్వంలో ఏబీఎన్, టీవీ5ల వంతు. ప్రభుత్వ కేబుల్ సంస్థ ఫైబర్‌నెట్‌లో రావట్లేదని, ఇలాంటి తగాదాలు తేల్చే ట్రిబ్యునల్ టీడీశాట్‌కెక్కాయి. 2014 జూన్‌లో తెలంగాణలో ఆగినవి టీవీ9, ఏబీఎన్. జెండాలు మారినా పద్ధతి మారలేదు.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. కెన్యాలో 2018 జనవరి 30న ప్రతిపక్ష నాయకుడు రైలా ఒడింగా తనే 'ప్రజల అధ్యక్షుడి'నని సభ పెట్టి ప్రమాణం చేశాడు. అది చూపిస్తున్నారని సిటిజన్, ఎన్‌టీవీ, కేటీఎన్ అనే అక్కడి ప్రైవేటు చానళ్ళను ప్రభుత్వం ఆపేయించింది. హైకోర్టు తెరవమన్నా కొన్నాళ్ళు వినలేదు. అంతకుముందే పదవిలో ఉన్న అధ్యక్షుడు మీడియా నిర్వాహకులనూ కొందరు ఎడిటర్లనూ పిలిపించి బెదిరించాడని బయటపెట్టింది ఎడిటర్ల సంఘమే. మన దగ్గర అలా నోరు విప్పే ఎడిటర్ల సంఘం గట్టిగా నిలబడాలని నా కోరిక.

రాజకీయ పార్టీలను ప్రసారాల్లోకీ, చానళ్ళ పంపిణీలోకీ రానివ్వొద్దని కేంద్ర నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 ఆగస్టులోనే సిఫారసు చేసింది. అది చట్టమైతే కొంత మేలు. యజమాని ఎవరో, ఏ పార్టీ మనిషో తెరమీదే వేయాలి. ఏ వార్త వెయ్యాలో తేల్చే ఎడిటర్‌ను యజమాని కోపమొచ్చి తీసెయ్యకుండా రాతపూర్వకమైన రక్షణ ఉండాలి. సిగ్నల్ ఆపినవాడు కారణం బయటికి చెప్పాలి.

ఇవన్నీ పైవాళ్ళు చెయ్యాల్సినవి. మనం చెయ్యాల్సిందీ ఒకటుంది. బావగారికి చెప్పు: ఆయన చూసే చానల్ ఆగినప్పుడు ఎంత గట్టిగా అడిగారో, బాబాయి చూసే చానల్ ఆగిన రోజునా అంతే గట్టిగా అడగాలి.

నీ తమ్ముడు