నాన్నగారి చెవి మిషను

మే, జూన్ నెలలు వచ్చాయంటే మన సంఘ సభ్యుల ఇళ్ళు పెద్దవాళ్ళతో కళకళలాడతాయి. ఆవకాయ, కందిపొడి, మూడు నెలలకు సరిపడా బి.పి. మాత్రలు, మనవలకు బట్టలు, ఇవన్నీ జాబితా రాసుకుని మరీ తెస్తారు. జాబితాకెక్కని వస్తువు ఒకటి మాత్రం వాళ్ళ చెవి వెనక కూర్చుని వస్తుంది. దాన్ని గురించి నాలుగు ముక్కలు రాయమని సంపాదకులు అడిగారు. మేము గుంటూరులో ఎం.బి.బి.ఎస్. చదివి, ఇక్కడి భాషా పరీక్షా వైద్య పరీక్షా గట్టెక్కి, వోల్ఫ్స్‌బర్గ్‌లో జ్వరాలూ గుండెలూ చూసుకుంటున్న వాళ్ళం. చెవి మా విభాగం కాదు. అయినా కిందటేడు మా నాన్నగారి ధర్మమా అని చెవి మిషను విడిభాగాల్లో కొంత పాండిత్యం అబ్బింది. అది పదిమందికీ పంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నాన్నగారు రేపల్లె దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. వయసుతోపాటు రెండు చెవులూ మందగించాయి. నాలుగేళ్ళ కిందట కుడి చెవికి మిషను కొన్నారు. "రెండోది ఎందుకురా, ఒకటి చాల్లే" అన్నారు. ఇక్కడికి వచ్చిన మూడో వారంలో ఆ ఉన్న ఒక్కటీ కుయ్‌మని కూత పెట్టడం మొదలుపెట్టింది. కూత భరించలేక శబ్దం తగ్గించుకున్నారు. తగ్గిస్తే మాట వినపడదు. ఇక ఎవరేం చెప్పినా "అలాగా, అలాగా" అనేవారు.

వయసుతో వచ్చే చెవుడు ముందుగా సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులను మింగేస్తుంది. అచ్చులు వినపడతాయి. క, త, ప, స లాంటి హల్లులు జారిపోతాయి. "తల" అంటే "కల" అనిపిస్తుంది. అందుకే ఇలాంటి వాళ్ళు "మాట వినపడుతోంది, అర్థం కావడంలేదు" అంటారు. మా అమ్మాయికి ఆరేళ్ళు. దాని తెలుగు అసలే మెత్తన. బడి నుంచి వచ్చి తాతయ్యకు కబుర్లు చెప్పేది. ఆయన "అలాగా" అనేవారు. వారం తిరిగేసరికి అది మా ఆవిడ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, నా తెలుగు తప్పా? తాతయ్యకు అర్థం కావడంలేదు" అంది. ఆ మర్నాటి నుంచి ఇంట్లో జర్మన్ ఎక్కువైంది. ప్రతి ఆదివారం అక్షరాలు దిద్దించి మేము కూడబెట్టినదంతా ఒక పాడైపోయిన మిషను కారణంగా కరిగిపోతోందని మాకు అప్పుడు తట్టింది.

నాన్నగారు మాత్రం, "వీసా ఉన్నది తొంభై రోజులేగా, ఊరెళ్ళాక చూసుకుందాంలేరా" అన్నారు. ఖర్చు గురించి ఆయన బెంగ. తొంభైలో అప్పటికే ఇరవై ఐదు రోజులు గడిచాయి.

ముందు బ్యాటరీ సంగతి. ఈ విషయంలో ప్రపంచమంతా ఒక్క మాట మీద ఉంది. జింకు-గాలి బ్యాటరీలు నాలుగు సైజులు: 10 నంబరుకు పసుపుపచ్చ, 312కు గోధుమరంగు, 13కు నారింజ, 675కు నీలం రంగు కాగితం అంటించి ఉంటుంది. రేపల్లెలోనైనా ఇక్కడైనా ఇవే రంగులు. నాన్నగారిది నారింజ. మా ఆవిడ దుకాణంలో 312 పెట్టె చేతిలోకి తీసుకుని, "వెడల్పు ఇంతే కదా, పట్టదా?" అంది. వెడల్పు రెండింటిదీ 7.9 మిల్లీమీటర్లే. మందం మాత్రం 13ది 5.4, 312ది 3.6. చిన్నది పెద్ద గూట్లో వదులుగా ఆడుతుంది, మిషను ఆగి ఆగి పలుకుతుంది. పెద్దది చిన్న గూట్లోకి తోస్తే తలుపు విరుగుతుంది. ఇంకొక సంగతి: పైకాగితం పీకగానే గాలి లోపలికి వెళ్ళి రసాయన క్రియ మొదలవుతుంది. మళ్ళీ అంటించినా ఆగదు. కాగితం తీశాక ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి, అప్పుడు గూట్లో పెట్టాలి. కొత్తరకం మిషన్లు కొన్నిటికి చార్జింగు బ్యాటరీ లోపలే ఉంటుంది. అవి వాడేవాళ్ళు చార్జరు మరిచిపోతే మిషను మరిచిపోయినట్టే.

కొత్త బ్యాటరీ వేసినా కూత పోలేదు. అంటే లోపం గొట్టంలోనో, కొక్కెంలోనో, చెవిలో పెట్టే అచ్చులోనో ఉందన్నమాట. చెవి వెనక మిషను నుంచి శబ్దం ముందు కొక్కెంలోకి, అక్కణ్ణుంచి గొట్టంలోకి, గొట్టం నుంచి అచ్చు ద్వారా చెవిలోకి వెళ్తుంది. దారిలో ఎక్కడ సందు దొరికినా శబ్దం బయటపడి, మిషను మైకులోకి తిరిగి దూరి కూత అవుతుంది. పెళ్ళి పందిట్లో మైకును లౌడ్‌స్పీకరు దగ్గరికి తెస్తే జరిగేదీ ఇదే.

పోర్షె వీధిలో చెవి మిషన్ల దుకాణం ఒకటుంది. ఈ దేశంలో ఇది డాక్టరు పని కాదు, చేతివృత్తి. మూడేళ్ళు పని నేర్చుకుని, మధ్యమధ్య ల్యూబెక్ నగరంలోని బడికి వెళ్ళి చదివి వస్తారు. దుకాణంలో ఉన్న అమ్మాయి గొట్టాన్ని వేలితో వంచి చూసింది. నాలుగేళ్ళుగా మార్చని గొట్టం పచ్చబడి, గట్టిపడి, అచ్చు దగ్గర కుదించుకుపోయింది. నిజానికి మూడు నుంచి ఆరు నెలలకొకసారి మార్చాలట. 13 నంబరు గొట్టం అని తీసింది. ఈ 13కూ బ్యాటరీ 13కూ సంబంధం లేదు. లోపలి రంధ్రం 1.93 మిల్లీమీటర్లు అని మేము కాగితం మీద రాసి చూపిస్తే నాన్నగారు, "రెండు అనక ఈ 1.93 ఏమిట్రా?" అన్నారు. అంగుళాల్లో 0.076 అని చెప్పగానే పెన్ను లాక్కుని 25.4తో హెచ్చవేసి, సరిపోయిందని తల ఊపారు. లోపలి కొలత ఒకటే అయినా గోడ మందంలో తేడాలున్నాయి. ఎక్కువ చెవుడుకు వాడే బలమైన మిషనుకు మందపు గొట్టం కావాలి. పలచని గోడలోంచి శబ్దం కారి కూత వస్తుంది. అచ్చు గట్టి ప్లాస్టిక్‌దయితే గొట్టాన్ని జిగురుతో అంటిస్తారు. మెత్తని సిలికోన్‌కు జిగురు పట్టదు కనక బిగించే కట్టు ఉన్న గొట్టం వేస్తారు.

మేము అక్కడ కూర్చుని ఉండగా ఒక ఇటలీ పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. 1962 నుంచి కార్ల ఫ్యాక్టరీ పనికి ఇటలీ వాళ్ళు ఈ ఊరికి వందలూ వేలుగా వచ్చారు కదా, ఆ తరం మనిషి. తన మిషను తీసి నాన్నగారికి చూపించాడు. నాన్నగారు తనది చూపించారు. ఒకరి భాష ఒకరికి రాదు, పైగా ఆ క్షణంలో ఇద్దరికీ వినపడదు. గొట్టాలు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని ఇద్దరూ తెగ నవ్వారు.

గొట్టం అప్పటికప్పుడే మారింది. కొక్కెం దగ్గర వచ్చింది చిక్కు. దానికి మొదట్లో సన్నని చీలిక ఉంది. కొక్కేలు కొన్ని మరలాగా తిప్పేవి, కొన్ని నొక్కి బిగించేవి. మర చుట్లు కంపెనీకో తీరు. ఒకే కంపెనీలోనూ పాత మోడల్‌ది కొత్తదానికి పట్టకపోవచ్చు. పైగా కొన్ని కొక్కేల లోపల శబ్దపు జోరు తగ్గించే చిన్న జల్లెడ ఉంటుంది. చూపుకు అతికినా జల్లెడ లేనిది వేస్తే గొంతులు కీచుగా వినిపిస్తాయి. ఇంక సన్నగొట్టం రకం మిషన్లకు గొట్టం పొడవు, కుడి ఎడమలు, చివరి రబ్బరు గొడుగు సైజు, అన్నీ నంబరు ప్రకారమే కొనాలి. లావు గొట్టం తీసి సన్నది వేస్తే మిషను అమరికను కూడా కంప్యూటరులో తిరిగి సరిచేయాలి.

నాన్నగారి మిషను మీద మోడల్ పేరు అరిగిపోయింది. కొన్న కాగితాలు ఊళ్ళో బీరువాలో ఉన్నాయి. మా చెల్లెలు వెళ్ళి, వెతికి, ఫోటో తీసి పంపింది. ఆ నంబరు ప్రకారం కొక్కెం తెప్పించడానికి తొమ్మిది రోజులు పట్టింది.

అది బిగించిన సాయంత్రం మా అమ్మాయి తాతయ్యకు బడిలో కుందేలు కథ చెబుతోంది. ఆయన మధ్యలో ఆపి, "కుందేళు కాదమ్మా, కుందేలు" అన్నారు. అది మూతి ముడుచుకుంది. మళ్ళీ సరిగా పలికింది. తప్పు పట్టారంటే విన్నారనే కదా! మిగిలిన యాభై చిల్లర రోజులూ ఆ పాఠం సాగింది.

వైద్యులుగా ఒక్క మాట. చిత్తభ్రమకు దారితీసే, మనం సవరించుకోగల 14 కారణాలను లాన్సెట్ కమిషన్ 2024లో లెక్కించింది. వాటిలో వినికిడి లోపం ఒకటి. మిషను పెట్టెలో పడి ఉంటే అది వైద్యం కాదు. మన దేశంలో ఆడిప్ పథకం కింద 1981 నుంచి వికలాంగులకు ఉపకరణాలు ఇస్తున్నారు, సికిందరాబాదులో అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రమూ ఉంది. మిషను చేతికొచ్చాక గొట్టం మార్పించే పని మాత్రం ఇంట్లోవాళ్ళదే.

కాబట్టి ఈ వేసవిలో పెద్దవాళ్ళు వస్తుంటే, బయలుదేరకముందే మిషను కంపెనీ, మోడల్ నంబరు, బ్యాటరీ రంగు ఫోటో తీసి పంపమనండి. అక్కడే గొట్టం మార్పించి, అదే మోడల్‌కు సరిపడే కొక్కెం ఒకటి అదనంగా తెమ్మనండి. అచ్చును మిషను నుంచి విడదీసి గోరువెచ్చని నీళ్ళతో కడిగి, బాగా ఆరాకే తిరిగి పెట్టాలి. మిషనుకు మాత్రం తడి తగలకూడదు. వోల్ఫ్స్‌బర్గ్ చుట్టుపక్కల ఎవరికైనా దుకాణంలో మాట సాయం కావలిస్తే మాకు కబురు చేయండి. శనివారం ఉదయాలు మేము ఖాళీయే.