చివరి మడికి నీళ్లు రాకపోతే ఎట్ల చూస్తమో, వైఫై కూడా అట్లనే చూడాలె



ఈసారి పోస్టు పంట మీద కాదు. ఇంట్ల కంప్యూటర్‌కు వైఫై రాక నాలుగు రోజులు మేము పడ్డ తిప్పల మీద. మనకెందుకీ ముచ్చట అనుకోకండి. పిల్లల చదువులు, ఉద్యోగాలు, మన కాయితాల పనులు అన్నీ ఇప్పుడు ఆ నెట్ మీదనే నడుస్తున్నయి. పైగా ఈ కథల తప్పు నాది. అందుకే దాచకుండ రాస్తున్న.

మా బిడ్డ డిగ్రీ అయిపోయి ఆరు నెలలైంది. ఇంటికాడనే ఉండి ఉద్యోగాలకు అప్లై చేస్తున్నది. తను డిగ్రీల చేరినప్పుడు సెకండ్‌హ్యాండ్‌ల కొన్న కంప్యూటర్ వెనక అర్రల ఉన్నది. అది లాప్‌టాప్ కాదు, పెద్ద డబ్బా. దాంట్ల సొంతంగ వైఫై లేదు. వెనక వైపు బొటనవేలు గోరంత ముక్క ఒకటి గుచ్చితే అది వైఫైని పట్టుకుంటది. నెట్ డబ్బా మాత్రం ముందర అర్రల, టీవీ పక్కన, కింది అరల ఉంటది.

యాసంగి వడ్లు కోసి కల్లంల ఆరబోసినం. తేమ మిషన్ల పెడితే 18 దాటి చూపించింది. కొనుగోలు సెంటర్‌కు 17 లోపల ఉండాలె కదా. ఇంకో రెండు ఎండలు తగిలితే చాలు అనుకున్నం. బుధవారం సాయంత్రం ఉత్తరం దిక్కు మబ్బు పట్టింది. టార్పాలిన్ల మీద నమ్మకం లేక గబగబ నింపి 42 బస్తాలు ట్రాక్టర్ మీద ఇంటికి తెచ్చినం. ముందర అర్రల, వెనక అర్రకు ఆనుకొని ఉన్న గోడకు రెండు వరుసలుగ నెత్తి ఎత్తు పేర్చినం. పచ్చి వడ్లు బస్తాల ఉంటే వేడెక్కుతయని తెలుసు. కానీ తడిసి మొలకెత్తే కన్నా నయం. ఆ రాత్రి వాన దంచి కొట్టింది. నా ధ్యాస అంతా ఆ బస్తాల మీదనే.

గురువారం పొద్దున బిడ్డ వచ్చింది. "నాయినా, నెట్ వస్తలేదు. వచ్చినట్టే వచ్చి పోతాంది. సోమవారం పది గంటలకు నాకు వీడియోల ఇంటర్వ్యూ ఉన్నది. గిట్ల ఆగితే ఎట్ల? సిటీకి పోయి దోస్తు హాస్టల్ల ఉండి ఇస్త" అన్నది.

నేను సెల్లు తీసి చూసిన. వీడియో మంచిగ నడుస్తున్నది. "నాకు వస్తున్నది కదా, నీకెందుకు రాదు? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టున్నది. సిటీకి పోవడానికి నెట్ ఒక సాకా?" అన్న. వడ్ల చికాకుల నోరు జారింది. బిడ్డ ఏమనలేదు. లోపలికి పోయింది. మా ఇంటామె మాత్రం "పిల్లను గట్ల అంటరా?" అని నన్ను గట్టిగనే అరుసుకున్నది.

శుక్రవారం నెట్ పిలగానికి ఫోన్ చేస్తే వచ్చిండు. డబ్బా బంద్ చేసి మళ్ళ వేసిండు. డబ్బా పక్కనే నిలబడి తన సెల్లుల చూసిండు. "మంచిగనే ఉన్నది కాకా" అని పోయిండు. అయ్యాల సాయంత్రం వెనక అర్రల మళ్ళ అదే కథ. శనివారం కంప్యూటర్ షాపాయనను అడిగితే "ఫార్మాట్ కొట్టాలె, తీసుకరా" అన్నడు. ఫార్మాట్ కొడితే లోపల ఉన్నయన్నీ పోతయి. బిడ్డ ప్రాజెక్టు, సర్టిఫికెట్ల కాపీలు అన్నీ దాంట్లనే ఉన్నయి. మనసొప్పలేదు.

శనివారం రాత్రి మంచంల పండుకొని ఆలోచించిన. చివరి మడికి నీళ్లు అందకపోతే మనం ఏం చేస్తం? పోయి పోయి మోటరు ఇప్పి కింద పెట్టం కదా. ముందు కరంటు చూస్తం, ఫీజు చూస్తం, స్టార్టర్ చూస్తం. బోరు కాడ నీళ్లు పడుతున్నయా చూస్తం. పడుతుంటే పైపు వెంబడి నడుస్తం. ఏ జాయింటు కాడ పోతున్నయో, ఏ గేట్‌వాల్ సగం మూసి ఉన్నదో దొరుకుతది. 30 ఏండ్ల సంది చేస్తున్న పని ఇదే. నెట్ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోయింది?

ఆదివారం పొద్దున బిడ్డను పిలిచిన. "కంప్యూటర్ సంగతి నీకు తెలుసు, దారి వెంబడి నడిచే సంగతి నాకు తెలుసు. ఇద్దరం కలిసి చూద్దాం పా" అన్న. ముఖం ముడుచుకునే వచ్చింది.

మొదట డబ్బా మీద లైట్లు. పవర్ లైటు ఉన్నది. పీఓఎన్ అని రాసి ఉన్న లైటు ఆగకుండ పచ్చగ వెలుగుతున్నది. అంటే బయట నుంచి ఫైబర్ తీగల వెలుతురు అందుతున్నట్టు. ఎల్ఓఎస్ అనే లైటు ఎర్రగ కొట్టుకుంటే తీగ ఎక్కడో తెగినట్టు, లేకపోతే బాగ వంగినట్టు. అది మన చేతుల పని కాదు, ఫోన్ చేయాల్సిందే. మాది ఎర్రగ లేదు. బోరు కాడ నీళ్లున్నయన్నమాట.

రెండోది, డబ్బా పక్కన సెల్లుల చూసుడు. ఇక్కడ బిడ్డ నా సెల్లు తీసుకొని పైన వేలితో గీకి చూపించింది. "నాయినా, నీకు వస్తున్నది వైఫై కాదు. సిమ్ము డేటా." అసలు నా సెల్లుల వైఫైయే బంద్ ఉన్నది! గురువారం నాడు నేను చూసి బిడ్డను అన్నది ఆ సిమ్ము నెట్‌ను చూసే. పక్క బోరు నీళ్లు చూసి మన బోరు మంచిగ పోస్తున్నది అన్నట్టు. నాకు నోట మాట రాలేదు. డేటా బంద్ పెట్టి, వైఫై వేసి మళ్ళ చూసినం. డబ్బా పక్కన మంచిగనే వచ్చింది.

మూడోది, ఆ సెల్లునే పట్టుకొని వెనక అర్రలకు పోయినం. వైఫై గుర్తుల ఒక్క గీతనే మిగిలింది. వీడియో తిరుగుతనే ఉన్నది. అంటే తిప్పలు కంప్యూటర్‌కు ఒక్కదానికే కాదు, ఆ అర్రకే. ఫార్మాట్ కొట్టించి ఉంటే పైసలు పోయేటియి, ఫైళ్లు పోయేటియి, తిప్పలు మాత్రం అట్లనే ఉండేది.

ఇంకా నమ్మకం కావాలని బిడ్డ కంప్యూటర్‌ల సీఎండీ అని కొట్టి నల్ల తెర తెరిచింది. ఐపీకాన్ఫిగ్ అని కొడితే కంప్యూటర్ నంబరు, డబ్బా నంబరు కనబడతయి. కంప్యూటర్ నంబరు 169.254 తోని మొదలైతే డబ్బా దానికి నంబరే ఇయ్యలేదన్నట్టు. మాకు ఇచ్చింది. మా డబ్బా నంబరు 192.168.1.1. పింగ్ అని కొట్టి పక్కన ఆ నంబరు కొడితే, కంప్యూటర్ డబ్బాను "ఉన్నవా?" అని పిలుస్తది, డబ్బా "ఉన్న" అని పలుకుతది. 20 సార్లు పిలిస్తే 9 సార్లే పలికింది.

అప్పుడు నేను పెద్ద డబ్బా మోసిన, బిడ్డ తెర మోసింది. కంప్యూటర్‌ను తీసుకపోయి ముందర అర్రల, నెట్ డబ్బా ఎదురుంగ పెట్టినం. మళ్ళ 20 సార్లు పిలిచినం. 20కి 20 పలికింది. బోరు మంచిదే, మడి మంచిదే. నడుమ పైపుల ఏదో ఉన్నది.

నడుమ ఏమున్నది? ఇద్దరం ఒక్కసారే అటు చూసినం. గోడ ఎప్పటి నుంచో ఉన్నది. కొత్తగ వచ్చినయి ఏంది? బస్తాలు. "నాయినా, నెట్ పోయింది గురువారం పొద్దున. బస్తాలు పేర్చింది బుధవారం రాత్రి" అన్నది బిడ్డ.

వైఫై అంటే రేడియో అలలే. వాటికి ఇనుము అడ్డం, నీళ్లు కూడ అడ్డమే. నీళ్లు ఆ అలలను మింగుతయి. మైక్రోవేవ్ పొయ్యిల అన్నం వేడయ్యేది కూడా దగ్గర దగ్గర అటువంటి అలలతోనే, అన్నంల ఉన్న నీళ్లు వాటిని మింగబట్టే. ఇగ వడ్లల్ల నీళ్లెన్ని? లెక్క వేసుకోండి. 40 కిలోల బస్తాల 18 శాతం తేమ అంటే 7 కిలోల పైన నీళ్లే. 42 బస్తాలకు 300 లీటర్లు. డ్రమ్మున్నర నీళ్లను గోడకు అడ్డంగ నేనే నిలబెట్టి, బిడ్డను మద్దెల సామెత అన్న.

42 బస్తాలు ఎత్తే ఓపిక లేదు, బయట ఇంకా చినుకులే. అందుకే డబ్బాను లేపినం. కింది అరల నుంచి తీసి, బస్తాల కంటే ఎత్తుగ సజ్జ మీద, వెనక అర్ర దర్వాజ దిక్కు పెట్టినం. ఫైబర్ తీగ కొంచెం ఎక్కువ చుట్టి పెట్టి ఉండబట్టి అందింది. ఆ తీగను గట్టిగ మడవొద్దు, లోపల గాజు ఉంటది. దాని కొసను కంటి కాడ పెట్టుకొని చూడొద్దు. ఇంకో పని, కంప్యూటర్ వెనక ఇనుప డబ్బా చాటున ఉన్న గోరంత ముక్కను యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి బల్ల మీదికి తెచ్చినం. మా వైఫైల రెండు పేర్లు కనబడుతయి, ఒకదాని చివర 5జీ అని ఉంటది. అది సెల్లు 5జీ కాదు. అది స్పీడు ఎక్కువ, కానీ గోడ దాటితే బలం తగ్గిపోతది. దూరం అర్రకు మామూలు 2.4 దే నయం. అది పెట్టినం. పింగ్ కొడితే 20కి 19.

ఆ రాత్రి అన్నం కాడ బిడ్డతోని అన్న, "మద్దెల నిజంగనే ఓడైంది బిడ్డా. ఓడు చేసింది కూడ నేనే." తను నవ్వింది. నాలుగు రోజుల తర్వాత నవ్వు అది. "ఎందుకన్నా మంచిది, నీ సిమ్ము నెట్ కూడ తయారు ఉంచు నాయినా" అన్నది. సోమవారం పది గంటలకు నా సెల్లు హాట్‌స్పాట్ పెట్టి వెనక అర్ర కిటికీల ఉంచి, నేను కల్లంకు పోయిన. అది వాడే అవసరం పడలేదు. 40 నిమిషాలు ఎక్కడా ఆగకుండ మాట్లాడిందంట. ఫలితం ఇంకా రాలేదు. వస్తే చెప్త, రాకపోయినా చెప్త.

మంగళవారం ఎండ వచ్చింది. బస్తాలు కల్లంకు పోయినయి. అనుమానం తీరాలని డబ్బాను మళ్ళ కింది అరల పెట్టి, వైరు తీసేసి చూసినం. 20కి 20. ఇగ మాటే లేదు.

మీకు గిట్లనే అయితే ఈ వరుసల చూడండి. డబ్బా లైట్లు ముందు. తర్వాత సెల్లుల సిమ్ము డేటా బంద్ పెట్టి డబ్బా పక్కన చూడండి. తర్వాత తిప్పలు ఉన్న జాగలనే చూడండి. తిప్పలు ఒక్క మిషన్‌కా, అన్నిటికా తేల్చుకోండి. డబ్బాను ఒకసారి బంద్ చేసి, అర నిమిషం ఆగి వేసి, రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. వెనక సూది పట్టే చిన్న బొక్కల మాత్రం ఒత్తకండి, లోపల పెట్టినయన్నీ చెరిగిపోయి మళ్ళ నెట్ పిలగాడు రావాల్సి వస్తది. తిప్పలు మొదలైన రోజు ఇంట్ల ఏం మారిందో యాది చేసుకోండి. బీరువా జరిపినా, బస్తాలు పెట్టినా అక్కడనే చూడాలె.

అన్నిటికంటే ముందు, పిల్లలు "వస్తలేదు" అంటే వాళ్లు కూర్చున్న కాడికి పోయి కూర్చొని చూడండి. మన కాడ కూర్చొని తీర్పు చెప్పొద్దు. చివరి మడి ఎండుతున్నదో లేదో మోటరు కాడ నిలబడితే కనబడది.

ఎవరికన్నా పనికొస్తది అనుకుంటే నలుగురికి పంపండి. వచ్చే పోస్టుల మళ్ళ వడ్ల ముచ్చట. ఉంట మరి.