ఆ దారం నాకు కనిపించింది!

మాయలేడి తిరిగిన నేల మాది. భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరంలో వున్న పర్ణశాలలోనే సీతమ్మ బంగారులేడిని చూసి ముచ్చటపడిందని మావాళ్ళ నమ్మకం. అలాంటి చోట పుట్టినవాడికి మాయలంటే మోజు వుండదా చెప్పండి! కాని, ఈ కథలో నేను మాయకి మోసపోయినవాణ్ణి కాదు. దాన్ని పాడుచేసినవాణ్ణి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. శ్రీరామనవమి కల్యాణానికి అమ్మానాన్నలతో భద్రాచలం వెళ్ళాను. సాయంత్రం తిరునాళ్ళలో ఓ మూల గుడ్డ పరిచి ఒకాయన గారడీ చేస్తున్నాడు. మోచేతుల దగ్గర చిరిగిన నల్లకోటు. పక్కన ఆయన కూతురు కాబోలు, నా యీడు పిల్ల, చేతిలో సత్తుపళ్ళెం. ఆయన అరచేతిలోని పదిరూపాయల నోటు వున్నట్టుండి గాల్లోకి లేచింది! జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. నేను ముందువరసలో గొంతుక్కూర్చున్నాను. వెనక దుకాణంలో అప్పుడే ట్యూబులైటు వేశారు. క్షణంపాటు సన్నటి గీత ఒకటి తళుక్కుమంది.

"దారం! దారం కట్టాడు!" అని అరిచాను.

జనం గొల్లున నవ్వారు. ఎవరో నా భుజం తట్టి "భలే పట్టేశావురా బుడ్డోడా" అన్నారు. ఇంకేం, నేనే హీరోని! ఆ పిల్ల పళ్ళెం పట్టుకుని తిరిగొచ్చేసరికి అక్కడ మిగిలింది మేం ముగ్గురమే. నాన్న రెండు రూపాయల బిళ్ళ వేశాడు. తర్వాత నాతో మాట్లాడలేదు. బస్సు పాల్వంచ దాటాక మాత్రం ఒక్కమాట అన్నాడు.

"కనబడింది సరే, చెప్పాల్సిన పనేముందిరా?"

పెద్దయ్యాక సినిమాల మీద వ్యాసాలు రాయడం నా పనైంది. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో కె.వి.రెడ్డి, మార్కస్ బార్ట్‌లే చేసిన మాయల గురించి ఎంత రాసినా పాఠకులకి తనివి తీరదు. అసలు సినిమాకి మాయలు నేర్పినవాడే ఒక మేజిషియన్. 1902లో చంద్రుడి మీదకి మనుషుల్ని పంపినట్టు సినిమా తీసిన ఫ్రెంచివాడు జార్జ్ మెలియస్, అంతకుముందు పారిస్‌లో ఇంద్రజాల ప్రదర్శనలిచ్చేవాడు. అయితే సినిమాలో ఓ సౌకర్యముంది. కెమెరా ఆపి, వస్తువుని జరిపి, మళ్ళీ తిప్పుకోవచ్చు. ఈ రోజుల్లోనైతే హీరోని లావుపాటి తీగలకి వేలాడదీసి, వాటిని కంప్యూటర్‌లో చెరిపేస్తున్నారు. తిరునాళ్ళలో గారడీ చేసేవాడికి 'కట్' చెప్పే దిక్కెక్కడ? వాడికున్నది ఒక్క పోగు!

ఆ పోగు సంగతేమిటో తేల్చుకుందామని నిరుడు నేనే తయారుచేయడానికి కూర్చున్నాను. పాతకాలంలో ఆడవాళ్ళ పొడుగాటి తలవెంట్రుక వాడేవారట. తర్వాత నైలాన్ మేజోళ్ళ పోగులొచ్చాయి. నేను ఖమ్మంలో టైలరు సామాన్ల కొట్టుకి వెళ్ళి, ఓవర్‌లాక్ మిషనుకి వేసే మెత్తటి నల్ల నైలాన్ దారం తెచ్చాను. చూడ్డానికి ఒక్క దారమే. కొస విప్పితే అందులో ఎన్నో పోగులు! మూరెడు కత్తిరించి, ఒక కొసని బల్లకి అంటించి, రెండో కొసని వేళ్ళతో నలిపి విడదీయాలి. కిటికీ వెలుగులో ఒక్క పోగుని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నిదానంగా లాగాలి. దాని మందం మిల్లీమీటరులో దాదాపు యాభయ్యో వంతు. తలవెంట్రుక అంతకి మూడు నాలుగు రెట్లుంటుంది. మొదటిరోజు ఒక్కటీ దక్కలేదు. ఫాను గాలికి ఎగిరిపోయింది, చెమట వేళ్ళకి అంటుకుంది, పక్కింటివాళ్ళు తలుపేస్తే వులిక్కిపడి తెంపేశాను!

కొసకి తేనెమైనం కావాలి. మా అడవివైపు దానికేం కొదవ? వేళ్ళ వేడికి మెత్తబడేదాకా పిసికి, ఆవగింజంత పెడితే చాలు, నోటు అంటుకుంటుంది. ఉంగరం కూడా లేస్తుంది గాని కుదిపితే పోగు పుటుక్కున తెగుతుంది. వెనక గళ్ళ దుప్పటి వుంటే పోగు అందులో కలిసిపోతుంది. పక్కనుంచో, వెనకనుంచో దీపం పడిందా, గుట్టు రట్టే! రెండో కొస ఎక్కడ కడతారో మాత్రం అడక్కండి. అది దాని మీద బతికేవాళ్ళ సొత్తు.

పదిరోజులకి గాని నా నోటు లేవలేదు. లేచిందన్న సంతోషం కన్నా ముందు నాకు ఆ నల్లకోటు గుర్తొచ్చింది. ఎదురుగా అంతమంది జనం, నెత్తిన గాలి, ఎటునుంచి పడుతుందో తెలియని దీపం. వీటి మధ్య ఆయన ఆ పోగుని కాపాడుకుంటూ వచ్చాడు. నేను ఒక్క కేకతో తెంపాను.

మొన్న కొత్తగూడెంలో మా అక్కయ్య కూతురి పుట్టినరోజు. ఎనిమిదేళ్ళు నిండాయి. పిల్లలందర్నీ కూర్చోబెట్టి నోటు లేపాను. ఒకటే చప్పట్లు! నేను వంగి దణ్ణం పెడుతుంటే మేనకోడలు దగ్గరికొచ్చి మెడచుట్టూ చేతులేసి, చెవిలో చెప్పింది.

"మామయ్యా, దారం కనబడుతోంది. నేనెవరికీ చెప్పలేదులే."

ఆ నోటు దానికే యిచ్చేశాను. మైనం యింకా అంటుకునే వుంది.